ధ్వనికి తరుగు తీసిన ఏడాది

మా నాయనకు లెక్కలు బాగా వచ్చు. ఆ మాట అంగట్లో అందరూ అనేవారు, ఆయన కూడా అనుకునేవాడు. నా ఏడో తరగతి సైన్సుకు పట్టిన పీడ అంతా అక్కడే ఉంది. లెక్కలు రాని ఇంట్లో పుట్టి ఉంటే ఆ ఏడాది నాకు ఎంత హాయిగా గడిచేదో అని ఇప్పటికీ అనుకుంటాను. అనుకున్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది.

మాది సూర్యాపేటలో గింజల అడ్తి. చుట్టుపక్కల ఊళ్ళ రైతులు బండ్ల మీద వడ్లు, కందులు, పల్లికాయ తెచ్చి మా దుకాణం ముందు దింపేవారు. నాయన కాంటా పెట్టించి, మిల్లుల వాళ్ళకు అమ్మిపెట్టేవాడు. తాత నుంచి వచ్చిన పని అది. సంచి కాంటా ఎక్కి, ముల్లు నిలబడ్డాక, బరువు పైకి చెప్పేముందు నాయన నోట్లోంచి ఒక మాట తప్పకుండా వచ్చేది: "తరుగు తియ్యి." ధాన్యంలో మట్టి ఉంటుంది, తాలు ఉంటుంది, తడి ఉంటుంది, మిల్లు చేరేలోపల సంచి చిల్లుల్లోంచి గింజలు రాలుతాయి. అందుకని నూటికి రెండు చొప్పున ముందే తగ్గించి లెక్క కట్టడమే తరుగు. ఒక్క మా దుకాణమే కాదు, అంగడి మొత్తం తీసేది. రైతు గొణిగేవాడు, నాయన వినిపించుకునేవాడు కాదు, కాంటా నడిచిపోయేది.

వినడానికి అన్యాయంగా ఉంటుంది గాని, నాయన తరుగును ఒక న్యాయంగానే నమ్మేవాడు. లోకంలో ఏదైనా ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోతే కొంత పోతుందని ఆయన సిద్ధాంతం. ఉప్పు కరుగుతుంది, నూనె డబ్బా కారుతుంది, బెల్లం చీమలపాలవుతుంది. "కోదాడ దాక బస్సుల పోయి రా, మనిషే తరుగుతడు," అనేవాడు. ఆ రోజుల్లో ఆ దారి అట్లాగే ఉండేది, కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేదు.

నేను చదివే ఆడపిల్లల బడి ఏడో తరగతి వరకే. ఎనిమిదికి పోవాలంటే పెద్ద బడిలో మగపిల్లలతో కలిసి కూర్చోవాలి. మా నాయనమ్మకు ఆ ఊహే గిట్టదు. మా అక్క అయిదుతోనే ఆగిపోయింది, నాకు ఏడు వరకు రావడమే ఎక్కువని ఆమె లెక్క. అమ్మ అత్తగారి ముందు నోరు విప్పేది కాదు. ఇంట్లో నా పక్షాన మాట్లాడే మనిషి నాయన ఒక్కడే. ఆ ఏడాది బడి తెరిచిన రోజున నాయనమ్మ ఎదుటే నాయన అన్నాడు: "ఏడోది పాసైతే పదోది దాక సదివిస్త. నా మాట." నాయనమ్మ మూతి తిప్పుకుంది గాని కాదనలేదు. మా అంగట్లో బేరాలన్నీ నోటిమాట మీదే జరిగేవి, కాగితం అడిగితే అవమానం. అందుకే నేనూ ఆ మాట మీద నిశ్చింతగా ఉన్నాను. నాకు చదువు మీద పెద్ద ఆశయాలేమీ లేవు, ఆ వయసులో ఎవరికుంటాయి? అక్క లాగా పొద్దంతా నాయనమ్మ కళ్ళ ముందు బియ్యంలో రాళ్ళేరుతూ కూర్చోవడం నా వల్ల కాదని మాత్రం గట్టిగా తెలుసు.

పాసవడం అంటే మా బడిలో పాసవడం కాదు. ఏడో తరగతికి అప్పుడు అందరికీ ఒకే పరీక్ష. మన పేపరు మిర్యాలగూడలోనో ఇంకెక్కడో మన మొహం ఎరగని వాళ్ళు దిద్దుతారు. జవాబు తప్పయితే తప్పే, బతిమాలడానికి అక్కడ మనుషులుండరు.

సైన్సు సారు ఆ ఏడే కొత్తగా వచ్చాడు. కోదాడ వైపు మనిషి. ఆయన మాట సగం మాది, సగం ఆంధ్రా వాళ్ళది. మనిషి మంచివాడే, కోపమే ముక్కు మీద ఉండేది. దసరా సెలవులు అయ్యాక తరంగాల పాఠం మొదలుపెట్టాడు. కిటికీ కమ్మీకి తాడు కట్టి, రెండో కొస నా చేతికిచ్చి ఆడించమన్నాడు. తాడులో అలలు పోతుంటే, ఒక ఎత్తు నుంచి ఇంకో ఎత్తుకు ఉన్న దూరం తరంగ దైర్ఘ్యమని, ఒక్క సెకనులో నా చెయ్యి ఎన్నిసార్లు కిందికీ పైకీ ఆడితే అది పౌనఃపున్యమని, ఆ రెండింటినీ గుణిస్తే అల పరిగెత్తే వేగం వస్తుందని చెప్పాడు. పౌనఃపున్యం అనమంటే సగం క్లాసు తుమ్మినట్టు అనేది. నాకు మాత్రం ఆ పాఠం చాలా నచ్చింది. రెండు తెలిస్తే మూడోది దానంతటదే బయటపడుతుంది, మధ్యలో ఎవరి దయా అక్కర్లేదు.

మొదటి లెక్క ఇప్పటికీ గుర్తుంది. గాలిలో ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు, తరంగ దైర్ఘ్యం 2 మీటర్లు, పౌనఃపున్యం ఎంత? భాగిస్తే 170. సెకనుకు నూట డెబ్బై కంపనాలు. ఎడమ చేత్తో చేసే లెక్క.

మధ్యాహ్నం బడి వదిలినప్పుడు నేను నేరుగా దుకాణానికి పోయేదాన్ని. నాయన గద్దె మీద కూర్చుని, రైతులు చుట్టూ ఉండగా, నా లెక్కలు బిగ్గరగా చదివించుకుని సరిచూసేవాడు. ఆయనకు అదొక పండగ. కూతురు లెక్క చెప్తుంటే పదిమంది వినాలి. ఆ రోజు కూడా చదివాను.

"నూట డెబ్బయ్యా?" అన్నాడు నాయన. "తరుగు తీసినవా?"

"దీనికి తరుగు ఏంది నాయనా, ఇది సప్పుడు."

"సప్పుడైతేంది? గాడికెళ్ళి గీడికి వస్తుందా లేదా? వచ్చేదానికి తరుగు లేకుంట ఎట్ల ఉంటది? నూటికి రెండు అంటె మూడు మీద చిల్లర. చిల్లర బడికే ఇడిసిపెట్టు. నూట అరవై ఏడు రాయి."

చుట్టూ ఉన్న రైతులు నవ్వారు. నాయన నవ్వలేదు. నేను రాయనని మొండికేస్తే ఏమయ్యేదో తెలియదు. కాని ఇంట్లో నా వైపు నిలబడే ఒక్క మనిషితో, అదీ పదిమందిలో, జగడమాడటానికి నాకు ధైర్యం చాలలేదు. 170 కొట్టేసి 167 రాశాను.

మర్నాడు సారు ఆ జవాబు చూసి కాసేపు తల గీరుకున్నాడు. "భాగహారం కరెక్టుగా చేశావు. తర్వాత ఈ మూడు ఏ దారిలో పడిపోయాయమ్మా?" అన్నాడు.

"తరుగు సార్," అన్నాను.

క్లాసంతా గొల్లుమంది. సారు స్కేలు తీశాడు, నేను చెయ్యి చాపాను. దెబ్బ కన్నా నవ్వులే ఎక్కువ మండాయి.

అక్కడితో అయిపోతే బాగుండేది. మా వీధి షావుకార్ల పిల్లలు ముగ్గురు నలుగురు ఇళ్ళకు పోయి ఈ సంగతి చెప్పారు. వాళ్ళ నాయనలకు కూడా మా నాయన మాట సబబుగానే తోచింది. ఆ వారం నుంచి వాళ్ళూ తరుగు తీయడం మొదలుపెట్టారు. ఒకమ్మాయి అయితే వాళ్ళ దుకాణం లెక్క ప్రకారం నూటికి మూడు తీసింది. మునగాల నుంచి వచ్చి మేనత్త ఇంట్లో ఉండి చదువుకునే ఒక రైతుబిడ్డ నా పక్కనే కూర్చునేది. ఆ పిల్ల నా వైపు తిరిగి, "మా వడ్లకు తీసేది సాలదా, సప్పుడుకు గూడ తీస్తరా మీరు?" అంది. రైతుల పిల్లలు ఒక దిక్కు, దుకాణాల పిల్లలు ఒక దిక్కు అయ్యారు. సారు నడుమ నిలబడి, "వేగాన్ని తరంగ దైర్ఘ్యంతో భాగించండి, భాగించి ఆపండి, అంతకు మించి ఒక్క పని కూడా చేయకండి," అని బల్ల మీద కొడుతూ అరిచేవాడు.

శక్తి పాఠం వచ్చాక ఇంకా అధ్వాన్నమైంది. తాడును రెట్టింపు ఎత్తుకు ఆడిస్తే అల మోసే శక్తి రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుందని పుస్తకంలో ఉంది. ఆ మాట దుకాణంలో చదవగానే నాయన మొహం మారిపోయింది.

"రెండు సంచులు తెచ్చి నాలుగు సంచుల తూకం ఏసుకునేటోన్ని ఏమంటరు?" అన్నాడు.

"దొంగ అంటరు సావుకారీ," అన్నాడు ఒక రైతు.

"మరి పుస్తకంల రాస్తె దొర అయితడా? రెండు రాయి బిడ్డా. రెండు రాసి తరుగు తియ్యి."

నేను నాలుగు రాయలేక, రెండు రాయలేక, 'నాలుగు కన్న కొంచెం తక్కువ' అని రాసి సారుతోనూ నాయనతోనూ తిట్లు తిన్నాను. ఇంట్లో చాటుగా ఎన్నోసార్లు చెప్పి చూశాను. నాయనా, ఇది బడి లెక్క, ఇట్ల రాస్తే మార్కులు పోతున్నయి అని. "ఆ సారు ఎన్నడన్న యాపారం చేసిండా?" అనేవాడు. సారు వ్యాపారం ఎందుకు చేస్తాడు? చేస్తే ఈ స్కేలు పట్టుకుని మా మధ్య ఎందుకు తిరుగుతాడు? నాయన చూడకుండా బడికి పోయాక 170 రాసుకుందామంటే, మర్నాడు ఆ పేజీ తెరిచి చూసేవాడు. ఆయన అంత శ్రద్ధగా నా చదువు పట్టించుకోకపోయి ఉంటే నేను క్లాసులో ముందు వరసలో ఉండేదాన్ని.

అర్ధసంవత్సరం పరీక్షలో సైన్సు పోయింది. అన్ని లెక్కలూ సగం దాకా సరిగ్గా చేసి, చివర్లో తరుగు తీశాను. వద్దనుకుంటూనే చెయ్యి అలవాటుగా తీసేసింది. నాయనమ్మకు ఆ కబురు బెల్లం ముక్క తిన్నట్టుగా ఉంది.

"నేను ముందే సెప్పిన. ఆడివిల్లకు ఎక్కని సదువు ఎందుకురా? ఈ ఏడుతోని ఖతం చెయ్యి," అంది.

నాయన అన్నం కలుపుతూ కూర్చున్నాడు. నేను గోడకానుకుని నిలబడి, ఈయన వల్లనే పోయింది, ఈయనే ఇప్పుడు నోరు మూసుకున్నాడు అని లోపల కుతకుతలాడాను. మర్నాడు సారు పిలిచి అడిగితే ఉన్నదంతా చెప్పేశాను, నాయనమ్మ అన్నమాటతో సహా. ఆయన "మీ నాన్నగారు భజనలు పాడతారని విన్నాను, నిజమేనా?" అన్నాడు. నిజమే. శనివారం శనివారం నాయన భజనలో పాడేవాడు. గొంతు అంత గొప్పది కాదు గాని, పక్కవాడి శృతి కాస్త తప్పితే చాలు ఊరుకునేవాడు కాదు.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం సారు మా దుకాణానికే వచ్చాడు. వానాకాలం వడ్లు జోరుగా వస్తున్న రోజులు. బండ్లు రోడ్డు దాకా నిలబడ్డాయి. మునగాల పిల్ల వాళ్ళ నాయన కూడా బండి దింపుకుని కాంటా దగ్గర వంతు కోసం నిలబడ్డాడు. సారు సంచిలోంచి శృతిదండం తీశాడు. రెండు కాళ్ళ ఇనప చువ్వ, కొడితే మోగుతుంది. దాన్ని చెప్పు మడమకు కొట్టి నాయన చెవి దగ్గర పెట్టాడు.

"షావుకారు గారూ, ఈ శృతి అందుకోండి."

నాయన అనుమానంగానే చూశాడు గాని, శృతి అనేసరికి ఆగలేకపోయాడు. సన్నగా అందుకున్నాడు. సారు ఆయనను లేపి, గోదాం ఆ చివరకు, ఒకదాని మీద ఒకటి పేర్చిన సంచుల అట్టీల వెనక్కి పంపాడు. కాంటా ఆపించి, అందరినీ మాట్లాడవద్దని, ఈ చివర నుంచి దాన్ని మళ్ళీ మోగించాడు.

"వినిపిస్తోందా?"

"సన్నగ ఇనవడుతున్నది," అన్నాడు నాయన లోపలి నుంచి. "సూసినవా సారూ, గిదే నేను చెప్పేది. తరుగు."

"సప్పుడు తగ్గింది, ఒప్పుకుంటాను. శృతి అందుకోండి."

నాయన అందుకున్నాడు. ఇందాకటి శృతే.

"శృతి తగ్గిందా?"

లోపల నాయన ఆ శృతిని ఇంకోసారి సన్నగా అని చూసుకున్నాడు. తర్వాత, "తగ్గలే," అని వినిపించింది.

"మీ అమ్మాయి చేసే లెక్క ఆ శృతిదండి. సెకనుకు నూట డెబ్బై అని బయలుదేరితే ఎంత దూరం పోయినా నూట డెబ్బయ్యే. దారిలో తగ్గేది శక్తి. దాని తరుగు పుస్తకం ఈ లెక్కలో అడగలేదు. అడగనిది ఇస్తే మార్కులు పోతాయి. ఆ నాలుగింతల సంగతి కూడా అంతే, పుస్తకం ఎంత చెబితే అంత."

నాయన సంచుల మధ్యనుంచి నెమ్మదిగా నడిచి వచ్చాడు. మొహంలో ఏదో లెక్క నడుస్తోంది. "అంటె ఎండవోసిన వడ్లు," అన్నాడు తనలో తాను అన్నట్టు. "ఎండితె తూకం తగ్గుతది. గింజలు మాత్రం అన్నే ఉంటయి. శృతి గింజల లెక్క."

"అదేనండి," అన్నాడు సారు, బతికిపోయినట్టు.

నాకు గంతేయాలనిపించింది. ఇన్ని నెలలు నేను మొత్తుకున్నది ఒక చువ్వ మోగితే ఆయనకు అర్థమైంది. సరిగ్గా అప్పుడే మునగాల పిల్ల నాయన గొంతు సవరించుకున్నాడు.

"అయితె సావుకారీ, తరుగు లేని మాల్ గూడ ఉంటదన్నట్టే గద. సప్పుడుకే తియ్యవద్దంటున్నరు, మరి మా వడ్లకెందుకు తీస్తున్నవ్?"

దుకాణం ముందున్న రైతులందరూ నాయన వైపు తిరిగారు. ఆ క్షణంలో నాయన కళ్ళల్లో పరేషానీ చూశాను. నా లెక్కకు తరుగు లేదంటే కాంటా దగ్గర ఇంతమందికి జవాబు చెప్పాలి. ఉందంటే నేను ఏడో తరగతి తప్పుతాను. సారు శృతిదండం సంచిలో పెట్టుకుంటూ తల వంచుకున్నాడు. ఇంత దూరం ఆయన ఆలోచించలేదు పాపం.

నాయన గద్దె ఎక్కి, కాళ్ళు మడిచి కూర్చుని, తీరిగ్గా అన్నాడు: "సప్పుడుల మట్టిగడ్డ లేదు, తాలు లేదు, తడి లేదు. నువ్వు గూడ గట్లనే తే పటేలా. ఒక్క గింజ తియ్య."

అందరూ నవ్వారు, అడిగినవాడు కూడా నవ్వాడు. కాంటా మళ్ళీ మొదలైంది. తరుగు మామూలుగానే తీశారు. అంగట్లో ఇటువంటి మాటలకు మా నాయనను మించినవాడు లేడు.

సాయంత్రం ఇంటికి వచ్చాక నన్ను పెరట్లోకి పిలిచాడు. "పరీక్షల తియ్యకు," అన్నాడు. "గని ఇగ లెక్కలు దుకాణంల సదవకు. నలుగురిల 'దీనికి తరుగు లేదు' అని నాతోని అనిపిస్తె, రేపు నేను కాంటా కాడ ఎట్ల కూసోవాలె?"

అంటే ఈ మనిషికి మొదటినుంచీ తెలుసా? తెలిసి, రైతులు వింటున్నారని నా లెక్కల్లో తరుగు తీయించాడా, లేక నిజంగానే ధ్వని కూడా గింజలాగా రాలిపోతుందనుకున్నాడా? అడిగితే కసురుకున్నాడు. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఆ సంగతి నాకు అంతు పట్టలేదు. ఏది నిజమైనా కోపమే వస్తుంది.

ఆ తర్వాత చదువు సాఫీగా సాగింది. చెయ్యి అలవాటు మానడానికి కొన్నాళ్ళు పట్టింది. జవాబు వచ్చాక పెన్సిలు కింద పెట్టేసి రెండు చేతులూ కట్టుకుని కూర్చునేదాన్ని, లేకపోతే అది దానంతటదే తరుగు తీసేది. పెద్ద పరీక్షలో పౌనఃపున్యం లెక్క రానే వచ్చింది. భాగించాను, ఆపాను. శక్తి నాలుగింతలు అని రాశాను. మే నెలలో ఫలితాలు వచ్చాయి. పాసయ్యాను, సైన్సులో మంచి మార్కులతోనే. సారు ఇంటి దాకా వచ్చి చెప్పి పోయాడు. నాయన ఆయనకు బలవంతంగా మజ్జిగ తాగించాడు.

ఇక పెద్ద బడే అనుకున్నాను. నాయనమ్మ మాత్రం రెండు రోజులు ఆగి మొదలుపెట్టింది. మగపిల్లల మధ్య కూర్చోబెడతావా, నలుగురు ఏమనుకుంటారు, పాసైంది కదా, ఇక చాలు అని. నేను వంటింట్లో ఉండి వింటూనే ఉన్నాను. నాయన కాసేపు వాదించాడు, తర్వాత గొంతు తగ్గించాడు. బేరం కుదిరేముందు ఆయన గొంతు అట్లాగే తగ్గుతుంది, నాకు తెలుసు. కాసేపటికి సంతోషంగా వంటింటి గడప దగ్గరికి వచ్చాడు.

"ఒప్పించిన బిడ్డా. ఎనిమిదోదానికి పోతున్నవ్."

"పదోది దాక అన్నవ్ గద," అన్నాను.

"మొదలు ఎనిమిది కానియ్యి."

"దాని తర్వాత?"

"నాయనమ్మ మాట గూడ ఇనాలె గద. ఎనిమిదితోని ఆపుదమని ఒప్పుకుంది. జర అటు ఇటు సర్దుకోవాలె."

అంత సులువుగా అన్నాడు. ఆమె ఏడు అంది, ఈయన పది అన్నాడు, ఎనిమిదికి తెగింది. నా చదువును నాకు చెప్పకుండా బేరమాడి వచ్చి, నేను మెచ్చుకుంటానని గడప దగ్గర నిలబడ్డాడు. నేను పొయ్యిలోకి చూస్తూ కూర్చున్నాను. అమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది, దులిపేశాను.

మర్నాడు మధ్యాహ్నం దుకాణానికి పోయాను. యాసంగి పంట వడ్ల ఆఖరి బండ్లు నేరేడుచర్ల దిక్కు నుంచి వచ్చి ఉన్నాయి. పదిమంది దాకా రైతులు కాంటా చుట్టూ నిలబడ్డారు. నేను గద్దె దగ్గరికి పోలేదు. వాళ్ళ వరసలోనే నిలబడ్డాను. నా ముందున్న ముసలి రైతు వంతు అయిపోయి పక్కకు జరిగాడు. హమాలీ తర్వాతి సంచి ఎత్తబోయి, నన్ను చూసి ఆగాడు. నాయన తల ఎత్తాడు.

"ఏంది బిడ్డా, గాడ నిలవడ్డవ్?"

"నీ మాటకు గూడ తరుగు తీస్తవా నాయనా?" అన్నాను.

రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాయన మొహం నల్లబడింది.

"నా మాటకా? నా మాటకు ఎవడు తీసిండు తరుగు?"

"నువ్వే తీసినవ్. పాసైతె పది దాక అన్నవ్. పాసైన. ఎనిమిదికి దించినవ్."

ఈసారి మట్టి అనలేదు, తాలు అనలేదు. ఆ వరసలో ఉన్నవాళ్ళంతా కాగితం ముక్క లేకుండా, ఆయన మాట మీద వడ్లు దింపినవాళ్ళే. నాయన వాళ్ళను చూశాడు, నన్ను చూశాడు. ఇంటికి పోయాక నన్ను కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా సరే, కదలకూడదనుకున్నాను.

"పది," అన్నాడు చివరికి. ధర పిలిచినట్టు, అందరికీ వినపడేలా అన్నాడు. "పది దాక. ఇగ ఇంటికి పో."

అట్లా పిలిచిన మాటను అంగట్లో ఎవరూ వెనక్కి తీసుకోరు. నాయనమ్మతో ఎట్లా పడతాడో ఆయనే పడతాడు. హమాలీ సంచి కాంటా ఎక్కించాడు, నేను వెనక్కి తిరిగాను. గల్లీ మలుపు తిరిగేదాకా బాగానే నడిచాను, అక్కడి నుంచి ఏడుపు ఆగలేదు. ఇంటికి వచ్చేసరికి అమ్మ గాబరాపడి ఎదురొచ్చింది.

"ఏమన్నడు? వద్దన్నడా?"

"పది దాక అన్నడు."

"మరి ఏడుస్తవేందే?"

అమ్మకు ఏమని చెప్పను? నాకు కావలసింది దొరికింది, నిజమే. కాని ఇంట్లో కూతురుగా అడిగితే ఎనిమిదే ఇచ్చాడు. అంగట్లో రైతుల వరసలో నిలబడి అడిగితేనే పది ఇచ్చాడు.